షెడ్డుకు గృహప్రవేశం

పెనుకొండ చుట్టుపక్కల ఏ వంటింట్లోకైనా వెళ్లి స్టీలు బిందె తిప్పి చూడండి. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు కనిపిస్తుంది. గంగాదేవి, డ్రిల్లు టీచరు. మా ఇంట్లో ఉంది. మా అత్తగారింట్లో ఉంది. ధర్మవరంలో మా పెద్దమ్మ కూతురింట్లో రెండున్నాయి, పెళ్లికొకటి, కొడుక్కి చెవులు కుట్టించినప్పుడొకటి. ఆ బిందెలోంచి నీళ్లు ముంచుకుంటూ పెరిగిన పిల్లలకు ఆమె ఎవరో తెలియకపోయినా పేరు మాత్రం నోటికొచ్చు.

నా పేరు వాణి. పెనుకొండలో మా ఆయన ఉదయ్ కుమార్ షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు బాడుగకిస్తాడు. మైకు సెట్టు మాత్రం నాది. పెళ్లిళ్లలో ఎవరేం పెట్టారో మైకులో చదివేది నేనే. నా గొంతు గురించి ఊళ్లో రకరకాలుగా అంటారు. అననీ. అది ఊరికే వచ్చిన గొంతు కాదు. షెడ్డులో ఊపిరి తీయకుండా కబడ్డీ కూత పెట్టి సంపాదించుకున్నది. ఆ కూత నేర్పింది గంగాదేవి టీచరే.

షెడ్డంటే మా ఆడపిల్లల బడి వ్యాయామశాల. ఎప్పుడో ఒక పట్టుచీరల వ్యాపారి పుణ్యానికి కట్టించాడు. నాలుగు రాతి గోడలు, పైన రేకులు, కింద జల్లించిన మన్ను, ఒక మూల తుప్పు పట్టిన ఇనుప కడ్డీ. బయటివాళ్లకు అంతే. మాకు మాత్రం అది రాజ్యం. ఆరుబయట ఆడపిల్ల తొడ కొడితే రోడ్డు మీద సైకిళ్లు ఆగిపోయే ఊరు మాది. గోడలున్నాయి కాబట్టే మా నాయన నన్ను ఆటకు పంపాడు. "గోడల లోపల ఏమన్నా చేసుకోపో" అన్నాడు. లోపల మేం ఒకరినొకరు ఎత్తి ఎలా కుదేసుకునేవాళ్లమో చూసి ఉంటే ఆ రోజే బడి మాన్పించేవాడు.

టీచరుది నల్లచెరువు దగ్గర పల్లె. వేరుశనగ పండించే ఇల్లు. డ్రిల్లు ట్రైనింగు చేసి పడుచు వయసులో మా బడికి వచ్చింది. నేత చీర, తెల్ల బూట్లు, మెడలో ఈల. ఇప్పటికీ అదే వేషం. జుట్టు మాత్రం నెరిసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఆమెను అడగని మనిషి తాలూకాలో లేడు. "టైమెక్కడుండాది మే? పొద్దున ఖోఖో, సాయంత్రం కబడ్డీ" అనేది. అద్దె గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, పిల్లలు గెలిచిన కప్పులు. జీతం రాగానే హిందూపురం బస్సెక్కి, పాత్రల అంగడిలో బిందెలు కొని, పేరు కొట్టించుకుని తెచ్చుకునేది. పిలిచిన ప్రతి ఇంటికీ బిందె చంకలో పెట్టుకుని వెళ్లేది.

మా వైపు ఇలా పెట్టేదాన్ని ముయ్యి అంటాం. నువ్వు మా ఇంటి శుభకార్యానికొచ్చి ఒకటి పెడితే, మీ ఇంట్లో శుభకార్యమైనప్పుడు నేనొచ్చి తిరిగి పెట్టాలి. అంతకంత పెడితే చాలదు, పైన ఇంకాస్త పెట్టాలి. ఆ పైదాన్ని మళ్లీ నువ్వు తీర్చాలి. అలా ఎవరో ఒకరు ఎప్పుడూ బాకీ ఉంటారు కాబట్టే రాకపోకలు ఆగవు. సరిగ్గా అంతకంతే పెట్టి ఊరుకున్నారంటే 'చెల్లు' అని అర్థం. మీకూ మాకూ ఇంకేం లేదు, మీ గడప మేం తొక్కం, మా గడప మీరు తొక్కొద్దు అని. తగాదా పడి విడిపోయే వాళ్లు తప్ప ఎవరూ చెల్లు చేసుకోరు.

గంగాదేవి టీచరు సంగతే వేరు. ఊరందరికీ పెట్టింది, ఆమెకు తిరిగి పెట్టే అవకాశం ఎవరికీ రాలేదు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, సొంత ఇల్లూ లేదు. ఇంక శుభకార్యం ఎక్కడినుంచి వస్తుంది?

పోయిన వానాకాలం షెడ్డు రేకులు రెండు గాలికి లేచిపోయాయి. అడ్డదూలం ఒకటి పుచ్చిపోయి వంగింది. బడి కమిటీ ప్రెసిడెంటు హనుమంతప్ప వచ్చి, కింద నిలబడ్డానికి కూడా భయపడి, గుమ్మంలోంచే తీర్పు చెప్పేశాడు. "ఇది బాగు చేయనీకి కమిటీ దగ్గర దుడ్లు లేవు టీచర్. సిమెంటు వ్యాపారి ఒకాయన గోడౌనుకు అడుగుతాండాడు. రేకులు ఆయనే వేసుకుంటాడంట. కార్తీకం దాటినాక ఇచ్చేద్దాం."

"పిల్లోళ్లు యాడ ఆడల్ల?" అంది టీచరు.

"మైదానం లేదా?"

మైదానం ఉంది. దానికి రెండు వైపులా రోడ్డుంది, మూడో వైపు టీ అంగడి ఉంది. ఆ వారంలోనే నలుగురు తండ్రులు వచ్చి తమ పిల్లల పేర్లు ఆటల్లోంచి తీసేయమన్నారు. మరుసటి వేసవికి టీచరు రిటైరవుతుంది. తను వెళ్లేలోపు షెడ్డు పోతే ఆడపిల్లల ఆట కూడా తనతోనే పోతుందని ఆమె బెంగ. నాకు చెప్పినప్పుడు కళ్లు తుడుచుకోలేదు, ముక్కు మాత్రం గట్టిగా చీదింది.

"చందా వసూలు చేద్దాం టీచర్" అన్నాను.

చందా అనే మాటకు మా వైపు గొప్ప మహిమ ఉంది. వినబడగానే మనుషులు మాయమైపోతారు. ముందు ధర్మవరం వెళ్లాం. పట్టుచీరల అంగడి పోతులయ్య కూతురు భాగ్య మా టీచరు చేతి కిందే ఆడి జిల్లా జట్టులోకి వెళ్లింది. పోతులయ్య మమ్మల్ని చూసి లేచి నిలబడి, కాఫీ తెప్పించి, మగ్గాల కష్టాలు చెప్పి, వ్యాపారం పడిపోయిందని కళ్లనీళ్లు పెట్టుకుని, మాటల మధ్యలో ఒక్కో చీరా మా ముందు పరిచాడు. బయటికొచ్చి చూసుకుంటే నా చేతిలో ఒక చీర ఉంది, చందా పుస్తకం తెల్లగా ఉంది. టీచరు నవ్వు ఆపుకోలేక బస్టాండులో కూలబడిపోయింది. "చందాకు వచ్చి చీర కొన్నావు కదే" అంటూ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.

మర్నాడు హిందూపురం. పట్టుగూళ్ల మార్కెట్లో గిరి అనే బ్రోకరు ఉన్నాడు, అతని పెళ్లాం నా జట్టుది. మా చేతిలో పుస్తకం చూడగానే గూళ్ల బుట్టల వెనక్కి వంగిపోయాడు. పక్కవాడు "గిరి ల్యాడు" అన్నాడు. గిరి వీపు కనబడుతూనే ఉంది. సరే లెమ్మని వెనక్కి తిరిగి గేటు దాకా వచ్చామో లేదో, వెనకనుంచి పరుగు చప్పుడు. గిరే. ఆయాసపడుతూ వచ్చి టీచరు చేతిలో శుభలేఖ పెట్టాడు.

"చెల్లెలి పెండ్లి టీచర్. మీరు రాకుంటే మా యమ్మ నన్ను చంపుతాది. తప్పకుండా రావల్ల!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడే కదప్పా ల్యాడన్నారు? బిందె కావల్సొచ్చేసరికి పుట్టుకొచ్చినావా?" అని మార్కెట్టంతా వినబడేలా అడిగాను. గిరి చెవులు ఎర్రబడ్డాయి. "అది చందా అక్కా. ఇది ముయ్యి. రెండూ ఒకటేనా? టీచరు ముయ్యి మా ఇంట్లో ఎన్నేండ్లుగా నిలిచుండాదో తెలుసా? ఆయమ్మ ఇంట్లో ఒక్క కార్యం చేస్తే నేను కండ్లకద్దుకుని పెట్టిపోతా" అన్నాడు.

ఆ మాట విన్నాక బస్సులో నాకు సీటు మీద కూర్చోబుద్ధి కాలేదు. "టీచర్, ఒక కార్యం చేద్దాం" అన్నాను.

"ఎవరికి మే?"

"మీకే. గృహప్రవేశం. షెడ్డుకి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కిటికీ బయట పెనుకొండ కొండ కనబడేదాకా చందా పుస్తకం అంచులు మడుస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది: "అది నా ఇల్లే మే. పొద్దున్నుంచి రాత్రి దాకా నేనుండేది ఆడే కదా. కానీ ముయ్యంతా తిరిగొచ్చేస్తే చెల్లయిపోదా? రిటైరైనాక నన్ను ఎవరు పిలుస్తారు? ఇప్పుడంటే బాకీ ఉండారని పిలుస్తాండారు."

ఇన్నేళ్లుగా బిందెలు మోసిన మనిషి మనసులో ఇంత భయం ఉందని నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపే ఆమే తేల్చేసింది. "పోనీలే. నన్ను పిలవకున్నా ఫర్వాలేదు. పిల్లోళ్లు ఆడల్ల. కార్డులు కొట్టియ్యి."

ఒక రోజు షెడ్డులో పాలు పొంగించుకుంటానంటే హనుమంతప్ప రిటైరై వెళ్లిపోయే మనిషి ముచ్చటలే అనుకుని ఒప్పేసుకున్నాడు. కార్డులో ఒకే ముక్క రాయించాం. 'మా ఇంట శుభకార్యం, తప్పక రావలెను, గంగాదేవి.' వేదిక: షెడ్డు. ప్రెస్సువాడు అక్షరాలు పేర్చే లోపే ఊళ్లో పెళ్లయిపోయింది. గంగాదేవి టీచరు ఈ వయసులో పెళ్లి చేసుకుంటోందట! పెనుకొండలో వరుడు రిటైరైన హెడ్మాస్టరు. హిందూపురం చేరేసరికి రైల్వే గార్డు అయ్యాడు. ధర్మవరంలో మీసాల మిలిటరీ ఆయన అయిపోయి, ఆయనకు మొదటి భార్య కొడుకు కూడా పుట్టేశాడు. ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగేవాళ్లు. టీచరు దగ్గరికి పంపేదాన్ని. ఆమె మొహంలో నవ్వు కనబడనీయకుండా "గుర్రం మీద వస్తాడంట, గుర్రం దొరకలేదని కార్యం లేటవుతాండాది" అనేది. వేడి వేడి పకోడీల్లా అమ్ముడుపోయింది ఆ కబురు. నిజం చెప్పాక సగం మంది నిరాశపడ్డారు, కానీ రావడం మానలేదు.

ఆ రోజు తెల్లారేసరికి మబ్బు పట్టి ఉంది. నడి కోర్టులో, గీత మీదే, మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వేశాం. ముందు ఆవును లోపలికి తోలాలి కదా. దొరికిన ఆవు గుమ్మం దగ్గర నిలబడిపోయింది. అయ్యవారు మంత్రం చదివాడు, కదల్లేదు. గడ్డి చూపించాం, తిని మళ్లీ నిలబడింది. టీచరు విసుగొచ్చి మెడలోని ఈల తీసి గట్టిగా ఊదింది. ఆవు ఒక్క దూకులో లోపల పడి కోర్టు చుట్టూ తిరిగేసింది. పిల్లలు చప్పట్లు. అయ్యవారు స్తంభం వెనక. పాలు ఆ గోలలోనే పొంగాయి.

తర్వాత జనం వచ్చారు. హిందూపురం ప్యాసింజరు దిగి బారులు తీరి వచ్చారు. ధర్మవరం నుంచి వచ్చారు. పల్లెల నుంచి ఆటోలలో, ట్రాక్టరులో వచ్చారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో బిందె! మొదటి నలుగురినీ చూసి మురిసిపోయాను. పదిమంది అయ్యాక అనుమానం వచ్చింది. షెడ్డు ఒక వైపంతా నిండి, మా ఆయన తెచ్చిందీ బిందేనని చూశాక తల పట్టుకున్నాను. టీచరు బిందె పెట్టింది కాబట్టి ముయ్యి కూడా బిందే ఉండాలని, తాలూకాకు తాలూకా ఒకే బుద్ధితో బిందెలు పట్టుకొచ్చింది. హిందూపురం పాత్రల అంగడివాడు ఆ వారం బేరం చూసి పండగ చేసుకున్నాడట. కబడ్డీ పిల్లలు వరసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించి గోడ వారగా పేర్చారు. తళతళా మెరిసిపోతూ కొండలా లేచింది. దానిలో ఒక్క రేకు లేదు, ఒక్క దూలం లేదు.

టీచరు నా వైపు చూసి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పుడే వాన మొదలైంది. లేచిపోయిన రేకుల సందులోంచి ధారగా, మిగతా రేకుల చిల్లుల్లోంచి చుక్క చుక్కగా. ఎవరూ చెప్పకుండానే పిల్లలు బిందెలు తీసి ఎక్కడ కారితే అక్కడ పెట్టారు. టింగ్ మని ఒకటి, టంగ్ మని ఒకటి, షెడ్డంతా మోగిపోయింది. ఎండకు అలవాటు పడ్డ జనం మేము, వాన పడితే పూనకం వస్తుంది. పిల్లలు ఆ తాళానికి గంతులు మొదలుపెట్టారు. పోతులయ్య పంచె పైకి కట్టి తనూ రెండడుగులు వేశాడు.

హనుమంతప్ప గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, షెడ్డు లోపలే. ఆయన కూడా బిందె తెచ్చాడు, కూతురి పెళ్లిలో టీచరు దగ్గర అందుకున్నదానికి బదులుగా. పక్కనున్నవాడితో అంటున్నాడు: "బిందెకు బిందె, సరిపాయె. పిల్లాజెల్లా లేని మనిషి. పైన పెట్టినా రేపు తిరిగి పెట్టేదెవరప్పా?"

వాన చప్పుడులో కూడా ఆ మాట అందరికీ వినబడింది. టీచరుకూ వినబడింది. కొంగు నోట్లోంచి తీసేసి, నీళ్లు నిండిన బిందె ఒకటి తీసుకెళ్లి బయట పారబోయడానికి పోయింది. ఆ పని పిల్లలు చేయొచ్చు. ఆమె వీపు మాకు కనబడేలా, మొహం కనబడకుండా వెళ్లింది.

నాకు కోపమొస్తే ముందూ వెనకా చూడను. మైకు అందుకున్నాను.

"శ్రీ హనుమంతప్ప గారు, కమిటీ ప్రెసిడెంటు, ఒక బిందె. గంగాదేవి టీచరు పెట్టిందీ ఒక బిందె. చెల్లు!"

పెళ్లిళ్లలో ఎన్ని పేర్లు చదివానో, ఆ మాట మాత్రం మైకులో ఎన్నడూ అనలేదు. ఎవరూ అనరు. గంతులేసే పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బిందెలు మాత్రం మోగుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టి, కూత పెట్టినట్టే, ఆపకుండా చదువుకుంటూ పోయాను. "హిందూపురం గిరి, ఒక బిందె, చెల్లు. ధర్మవరం పోతులయ్య, ఒక బిందె, చెల్లు. పెనుకొండ వాణి, ఉదయ్ కుమార్, ఒక బిందె, చెల్లు. ఇంక గంగాదేవి టీచరు మీ ఇంటికి రాదు. మీ పిల్లోళ్ల పెండ్లికి రాదు, సీమంతానికి రాదు, చెవులు కుట్టే నాడు రాదు. బాకీ తీరిపాయె. అందరూ సంతోషంగా భోంచేసి పోండి!"

చౌడక్క లేచింది. గొర్రెలు కాసే మనిషి, వాననీళ్లలో తడిసి పైట పిండుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను.

"ఏం కూస్తాండావే? నా మనవరాలు నెలతప్పిందని నిన్ననే తెలిసింది. దాని సీమంతానికి టీచరమ్మ రావద్దా? దానికి కబడ్డీలో ఎగరనీకి నేర్పించిందెవరు? నా మందలో పెద్ద పొట్టేలు ఉండాది. అది బిందె పైన. రాయి!"

"రాసేదేం లేదవ్వా, చదివేదే" అని మైకులో అరిచాను. "చౌడక్క, బిందె, పైన ఒక పొట్టేలు! బాకీ టీచరుది!"

దాంతో కట్ట తెగింది. పోతులయ్య జనాన్ని నెట్టుకుంటూ వచ్చాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు కూడా. "భాగ్య పేరు మీద ఆ పక్క రేకులన్నీ నావి. చెల్లు గిల్లు అంటే బాగుండదు చెప్తాండా." గిరి మార్కెట్టు వాళ్లందరినీ కూడేసి ఇనుప దూలాలన్నాడు. ట్రాక్టరులో వచ్చిన పల్లెవాళ్లు, మా దగ్గర చేతులే ఉండాయి, కూలికి రాం, ముయ్యికి వస్తాం అన్నారు. నేను చదువుతూనే ఉన్నాను. ఒక్కో పేరుకూ "బాకీ టీచరుది!" అని పిల్లలు నాతో కలిసి అరుస్తున్నారు. ఉదయ్ కుమార్ నా చెవిలో "మనం పైన ఏం పెడతాండాం?" అన్నాడు. మైకులోనే చెప్పాను, భోజనాలకు వేసిన టెంటు బాడుగ. అతని మొహం చూడాల్సిందే.

చివరికి హనుమంతప్ప మిగిలాడు. జనమంతా ఆయన గొడుగు వైపే చూస్తున్నారు. ప్రెసిడెంటు ఒక్కడే చెల్లయితే రేపటినుంచి ఆయన ఇంటి కార్యానికి ఎవరు వెళ్తారు? గొంతు సవరించుకున్నాడు. "సిమెంటాయన నాకు దోస్తు. కావలసినన్ని మూటలు నేను తెప్పిస్తా. గోడౌనుకు ఇంకేదన్నా చూసుకుంటాడులే." తర్వాత, ఎందుకో, గొడుగు మూసేసి వానలో తడుస్తూ టీచరు దగ్గరికి వెళ్లాడు. "నోరు జారినా తల్లీ. మా చిన్నోడి పెండ్లి మాఘంలో ఉండాది. మీరు రావల్ల."

టీచరు ఖాళీ బిందె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తడిసింది వానకో దేనికో నేను చెప్పలేను. జనం వైపు చూసింది, బిందెల వైపు చూసింది, నా వైపు వచ్చి వీపు మీద ఒక దెబ్బ వేసింది. కబడ్డీలో ఓడిపోయినప్పుడు కూడా అంత గట్టిగా వేయలేదు.

"ఇంతమందికి నేను బాకీనా? యాడ తీర్చేది మే? నా బతుకంతా చాలదు కదే!"

"చాలకూడదనే కదా టీచర్" అన్నాను.

షెడ్డుకు కొత్త రేకులు పడ్డాయి. దూలం మారింది, మన్ను కొత్తగా జల్లించి పోశారు. వానకు మోగే చోట్లు ఇప్పుడు లేవు, పిల్లలు దానికి కొంచెం బాధపడ్డారు. మాన్పించిన తండ్రులు మళ్లీ తీసుకొచ్చి వదిలారు. బిందెల్లో సగం బడి మధ్యాహ్న భోజనానికి పోయాయి, మిగతావి టీచరు దగ్గరే ఉన్నాయి. ఆమెకు అవసరం.

మొన్న వేసవిలో రిటైరైంది. వారానికి ఒక్క రోజైనా మా ఇంట్లో భోంచేయమని పిలుద్దామని ఫోను చేశాను. రెండు సార్లు ఎత్తలేదు. మూడోసారి బస్సు హారను మధ్యలోంచి ఆమె గొంతు వచ్చింది.

"ధర్మవరంలో ఉండా మే. పొద్దున గృహప్రవేశం అయిపోయె, సాయంత్రం హిందూపురంలో పెండ్లి. రేపు చౌడక్క మనవరాలిది సీమంతం. నీ ఇంటికి యాడ వచ్చేది? నన్ను అప్పులపాలు చేసింది నువ్వే కదా. పెట్టేయ్, బస్సొచ్చె, బిందె పట్టుకోవల్ల."